బరువు తగ్గే ఆపరేషన్ అయి ఏళ్లు గడిచాక విటమిన్ మాత్రలు ఎలా వాడాలి?

ఆపరేషన్ కొత్తగా చేయించుకున్నవాళ్లకు చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. ఆసుపత్రి డైటీషియన్ ఫోన్ చేస్తుంది, ఇంట్లోవాళ్లు మాత్రతో పాటు నీళ్లు కూడా చేతికి తెచ్చిస్తారు. నేను రాస్తున్నది స్లీవో బైపాసో చేయించుకుని నాలుగేళ్లు, ఆరేళ్లు, పదేళ్లు దాటినవాళ్ల కోసం. బరువు తగ్గింది, షుగర్ అదుపులోకి వచ్చింది, మెట్లెక్కితే ఆయాసం లేదు. ఈలోగా ఉద్యోగం మారింది, మియాపూర్ నుంచి ఉప్పల్‌కి ఇల్లు మారింది, ఆపరేషన్ చేసిన డాక్టరుగారు ఇంకో ఆసుపత్రికి వెళ్లిపోయారు. ఈ హడావిడిలో ఎప్పుడో మాత్రలు అయిపోయాయి, మళ్లీ కొనలేదు. కొనకపోయినా ఏమీ కాలేదు కాబట్టి ఇక అక్కర్లేదనుకున్నారు.

ఆ "ఏమీ కాలేదు" అన్న దగ్గరే నాకు భయం. ఎందుకో చెబుతాను. కారణం తెలిస్తే మాత్ర మానేయడానికి మనసొప్పదు.

స్లీవ్‌లో పొట్టను ఇంచుమించు ముప్పావు వంతు కోసి తీసేస్తారు. బి12ను ఒంటికి పట్టించే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే పదార్థం, ఆమ్లం తయారయ్యేది ఆ పొట్ట గోడల్లోనే. బైపాస్‌లో, మినీ బైపాస్‌లో అయితే తిన్నది చిన్నపేగు మొదటి భాగాన్ని తాకకుండానే కిందికి వెళ్లిపోతుంది. ఐరన్, కాల్షియం బాగా పట్టేది సరిగ్గా ఆ భాగంలోనే. ఆపరేషన్ రోజున జరిగిన ఈ మార్పు జన్మంతా ఉంటుంది. బరువు మళ్లీ పెరిగినా పొట్ట, పేగు పాత స్థితికి రావు. "కాస్త లావయ్యాను, అంటే పొట్ట మామూలుగా అయిపోయినట్టే" అనుకుని మాత్రలు మానేసినవాళ్లు ఉన్నారు. లావుగా ఉన్న ఒంట్లోనే ఐరన్ అడుగంటి ఉండొచ్చు. ఆ రెండిటినీ ముడిపెట్టకండి.

ఇక ఆలస్యంగా బయటపడటం సంగతి. ఒంట్లో, ఎక్కువగా కాలేయంలో, 2 నుంచి 5 మిల్లీగ్రాముల దాకా బి12 నిల్వ ఉంటుంది. రోజుకు ఖర్చయ్యేది రెండు మైక్రోగ్రాముల చిల్లరే. కాబట్టి కొత్తగా ఏమీ చేరకపోయినా ఆ నిల్వ మూడు నాలుగేళ్లు నెట్టుకొస్తుంది. డబ్బాలో బియ్యం రోజూ సోలెడు తీస్తూనే ఉంటాం, సోల అడుక్కి తగిలేదాకా ఎవరికీ పట్టదు. మాంసం, గుడ్డు ముట్టని ఇళ్లలో ఆ డబ్బా మొదటి నుంచే సగం ఖాళీగా ఉంటుంది.

1. ముందు డిశ్చార్జి కాగితం వెతకండి

మీకు జరిగింది ఏ ఆపరేషనో కచ్చితంగా తెలియాలి. "లాప్రోస్కోపీలో చేశారండీ, పొట్ట చిన్నది చేశారు" అంటే డాక్టరుకు సరిపోదు. స్లీవా, రూ-ఎన్-వై బైపాసా, మినీ బైపాసా, డుయోడినల్ స్విచ్చా అన్నదాన్ని బట్టే మాత్రల మోతాదు మారుతుంది. స్లీవ్ కంటే బైపాస్‌లో, బైపాస్ కంటే స్విచ్‌లో పోషకాలు తక్కువగా పడతాయి.

కాగితం దొరక్కపోతే ఆపరేషన్ జరిగిన ఆసుపత్రిలో మెడికల్ రికార్డ్స్ విభాగానికి వెళ్లండి. ఆధార్, అడ్మిషన్ తేదీ చెబితే పాత ఫైలు వెతకడం తేలికవుతుంది. దొరికాక ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకుని, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి కూడా పంపండి.

ఈ "ఇంకొకరు" అన్న మాట ఊరికే రాయలేదు. మన దగ్గర చాలామంది ఈ ఆపరేషన్ సంగతి దాచిపెడతారు. వాకింగ్ చేసి తగ్గానని బంధువులకు చెబుతారు, పెళ్లి సంబంధాలప్పుడు అసలే బయటపెట్టరు. చుట్టాలకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. డాక్టర్ల దగ్గర మాత్రం దాచొద్దు. పంటి డాక్టరు, ఎముకల డాక్టరు, ప్రసూతి డాక్టరు, ఎవరి దగ్గరికి వెళ్లినా కుర్చీలో కూర్చోగానే చెప్పాల్సిన మొదటి మాట ఇదే. బైపాస్ అయినవాళ్లకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు పుండ్లు తెస్తాయి. ఏళ్ల తరబడి వాడే గ్యాస్ మాత్రలు, షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ బి12ను ఇంకా తగ్గిస్తాయి. మీరు చెబితేనే వాళ్లు చూసి రాస్తారు.

2. ఏడాదికోసారి రక్త పరీక్ష, అదీ సరైన పరీక్ష

మొదటి ఏడాది మూడో నెలలో, ఆరో నెలలో, పన్నెండో నెలలో చేయిస్తారు. ఆ తర్వాత ఏడాదికోసారి, జీవితాంతం. మర్చిపోకుండా ఉండాలంటే పుట్టినరోజు నెలలో చేయించుకోండి, ఉగాదికో దసరాకో ముడిపెట్టుకున్నా సరే.

మన ల్యాబుల్లో పెట్టే "ఫుల్ బాడీ చెకప్" ప్యాకేజీని గుడ్డిగా తీసుకోవద్దు. డెబ్బై పరీక్షలని బోర్డు మీద రాసి ఉంటుంది కానీ మీకు కావాల్సిన నాలుగైదు వాటిలో ఉండకపోవచ్చు. డబ్బు కట్టేముందే జాబితా అడిగి చూసుకోండి. ఉండాల్సినవి ఇవి: రక్తకణాల లెక్క చూసే సీబీపీ, ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్, బి12, ఫోలేట్, విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్ అంటే పీటీహెచ్, ఆల్బుమిన్‌తో కలిపి లివర్ పరీక్ష, కిడ్నీకి క్రియాటినిన్. బైపాస్, మినీ బైపాస్ వాళ్లకు జింక్, కాపర్, విటమిన్ ఎ కూడా అవసరమవుతాయి. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ ఎప్పుడెప్పుడు కావాలో డాక్టరును అడగండి, ముఖ్యంగా నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లు.

సీబీపీ ఒక్కటి చూసి "రక్తం బాగుంది" అనుకోవడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. ఐరన్ తగ్గితే ఎర్రకణాలు చిన్నవవుతాయి, బి12 తగ్గితే పెద్దవవుతాయి. రెండూ కలిసి తగ్గితే సగటు సైజు మామూలుగానే కనిపిస్తుంది. ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకుంటూ బి12 మానేసినవాళ్లలో రక్తం నిక్షేపంగా కనిపిస్తూనే లోపల నరాలు దెబ్బతింటూ ఉంటాయి. కాల్షియం రిపోర్టూ అంతే. రక్తంలో కాల్షియం తగ్గబోతే పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల్లోంచి లాగి సర్దేస్తుంది. రిపోర్టులో కాల్షియం నార్మల్ అని వస్తుంది, ఎముక మాత్రం పలచబడుతుంది. ఆ లాగుడు జరుగుతోందో లేదో చెప్పేది పీటీహెచ్. అందుకే దాన్ని వదలొద్దంటున్నాను.

బి12 రిపోర్టులో మిల్లీలీటరుకు 200 పికోగ్రాములు దాటితే చాలా ల్యాబులు నార్మల్ అని అచ్చేస్తాయి. ఆపరేషన్ అయిన మనిషికి 200కీ 400కీ మధ్య ఉంటే అది నిశ్చింతగా ఉండే అంకె కాదు. తిమ్మిర్లు గానీ మతిమరుపు గానీ ఉంటే బి12 ఒంటికి నిజంగా చాలుతోందో లేదో చూసే మిథైల్ మలోనిక్ యాసిడ్, హోమోసిస్టీన్ పరీక్షలు అవసరమా అని డాక్టరును అడగండి.

పరీక్షకు ముందు రెండు జాగ్రత్తలు. ఆ పొద్దున ఐరన్ మాత్ర వేసుకోకుండా వెళ్లండి. జుట్టు కోసం బయోటిన్ ఎక్కువ మోతాదులో వాడుతుంటే రెండు మూడు రోజుల ముందే ఆపండి. అది థైరాయిడ్‌తో సహా కొన్ని పరీక్షల అంకెలను తారుమారు చేస్తుంది.

ఖర్చు భయమే ఆపుతుంటే, మామూలు రక్త పరీక్షలు బస్తీ దవాఖానాల్లో ఉచితంగానే జరుగుతాయి. అక్కడ జరిగేవి జరిపించుకుని మిగిలినవి మాత్రమే బయట చేయించండి. సగం పరీక్షలైనా చేయించుకోవడం అసలు మానేయడం కంటే ఎంతో నయం.

3. మాత్ర పట్టీ వెనక్కి తిప్పి చదవండి

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. చాలామంది డబ్బు పెట్టి కొని కూడా నష్టపోయేది ఇక్కడే.

కాల్షియం పట్టీ ఒకటి చేతిలోకి తీసుకోండి. వెనక సన్న అక్షరాల్లో "కాల్షియం కార్బొనేట్ 1250 మి.గ్రా., ఎలిమెంటల్ కాల్షియం 500 మి.గ్రా.కు సమానం" అని ఉంటుంది. మీకు లెక్కలోకి వచ్చేది ఆ రెండో అంకె. అదే సిట్రేట్ అయితే 1000 మిల్లీగ్రాముల సిట్రేట్‌లో అసలు కాల్షియం 210 మాత్రమే. పెద్ద అంకె చూసి రోజుకు ఒకటి చాలనుకుంటే ఏడాదంతా అయిదో వంతుతో సరిపెట్టినట్టే. మీకు కావాల్సింది తిండి, మాత్ర కలిపి రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు. డుయోడినల్ స్విచ్ అయితే 1800 నుంచి 2400.

కార్బొనేట్ కరగాలంటే పొట్టలో ఆమ్లం కావాలి, మీకేమో ఆమ్లం తక్కువ. సిట్రేట్‌కి ఆ గొడవ లేదు, అన్నంతో అయినా ఖాళీ కడుపుతో అయినా పడుతుంది. కాబట్టి దొరికితే సిట్రేట్ లేదా సిట్రేట్ మాలేట్ తీసుకోండి. కార్బొనేటే ఉంటే భోజనంతోనే వేసుకోండి. మెడికల్ షాపులో "ఆ కంపెనీది లేదండీ, ఇదీ అదే" అని ఇంకోటి ఇస్తే వెనక్కి తిప్పి చూడకుండా జేబులో పెట్టుకోవద్దు. షాపతనికి సిట్రేట్ అయినా కార్బొనేట్ అయినా కాల్షియమే, మీ ఒంటికి మాత్రం తేడా ఉంది.

ఐరన్‌లో కూడా ఎలిమెంటల్ అంకెనే చూడాలి. స్లీవ్ అయి, రక్తహీనత లేని మగవాళ్లకు రోజుకు 18 మిల్లీగ్రాములు సరిపోతాయి. నెలసరి వస్తున్న ఆడవాళ్లకు, బైపాస్ అయినవాళ్లకు 45 నుంచి 60 కావాలి. మన దగ్గర ఎక్కువగా రాసే ఫెరస్ ఆస్కార్బేట్ మాత్రలో 100 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. అది లోపం ఉన్నవాళ్లకు రాసేది, కాబట్టి పరీక్ష లేకుండా మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు.

బి12 మాత్రగా అయితే రోజుకు 350 నుంచి 1000 మైక్రోగ్రాములు, ఇంజెక్షన్ అయితే నెలకు 1000. ఇంత ఎందుకంటే, పట్టించే పదార్థం లేనప్పుడు నూటికి ఒక వంతు మాత్రమే దానంతట అది లోపలికి ఇంకుతుంది. రోజువారీ అవసరాన్ని బట్టి తయారైన మామూలు మాత్ర ఆ లెక్కలో ఎక్కడా ఆనదు.

విటమిన్ డి రోజుకు 3000 యూనిట్ల దగ్గర మొదలుపెట్టి, రక్తంలో మిల్లీలీటరుకు 30 నానోగ్రాములు దాటేలా చూస్తారు. హైదరాబాద్ ఎండకు డి తక్కువేమిటి అనిపిస్తుంది కానీ మన ఎండ మనం కారు అద్దంలోంచి, ఆఫీసు ఏసీలోంచి చూస్తున్నదే. డి విషయంలో ఒక హెచ్చరిక. 60,000 యూనిట్ల సాషేలు, గుళికలు వారానికో నెలకో ఒకటి వేసుకునేవి. రోజూ వేసుకునేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయొద్దు. డి, ఎ రెండూ ఒంట్లో నిల్వ ఉండిపోయి ఎక్కువైతే విషమవుతాయి. డబ్బా మీద "ఆదివారం మాత్రమే" అని స్కెచ్ పెన్నుతో రాసిపెట్టుకోండి.

వీటితో పాటు జింక్, కాపర్, థయామిన్ (బి1), ఫోలిక్ యాసిడ్ ఉన్న ఒక మంచి మల్టీవిటమిన్ ఉండాలి. "రోజూ బికాంప్లెక్స్ వేసుకుంటున్నాగా" అనేవాళ్లకు ఒక మాట: అందులో బి విటమిన్లే ఉంటాయి, ఐరన్, కాల్షియం, డి ఉండవు. తియ్యటి గమ్మీల్లో ఐరన్ దాదాపు ఉండదు. జుట్టు ఊడుతోందని జింక్ మాత్ర విడిగా ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే కాపర్ పడిపోతుంది. కాపర్ లోపం అచ్చం బి12 లోపంలాగే కాళ్ల నరాలను దెబ్బతీస్తుంది. 8 నుంచి 15 మిల్లీగ్రాముల జింక్‌కి ఒక మిల్లీగ్రాము కాపర్ ఉండేలా చూసుకోవాలి.

4. గడియారం చూసి సర్దండి

అన్నీ ఒకేసారి గుప్పెట్లో పోసుకుని మింగితే సగం వృథా. కాల్షియం, ఐరన్ ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, రెండిటి మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. కాల్షియం ఒక్కసారికి 500 నుంచి 600 మిల్లీగ్రాములకు మించి పట్టదు, కాబట్టి విడివిడిగా వేసుకోవాలి. టీ, కాఫీ ఐరన్‌ను పట్టనివ్వవు. థైరాయిడ్ మాత్రకు, ఐరన్ కాల్షియంలకు నాలుగు గంటల దూరం కావాలి.

మన రోజువారీ టైముకి ఇది ఇలా కుదురుతుంది. థైరాయిడ్ మాత్ర ఉంటే పొద్దున ఆరింటికి. ఎనిమిదిన్నరకు టిఫిన్. పదకొండింటికి మల్టీవిటమిన్, ఒక బి12. మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక కాల్షియం, డి3. సాయంత్రం చాయ్ ఏ నాలుగున్నరకో కానిచ్చి, ఏడింటికి భోజనంతో రెండో కాల్షియం. రాత్రి పడుకునేముందు, పదింటికి, ఐరన్, సగం నిమ్మకాయ పిండిన నీళ్లతో. విటమిన్ సి ఐరన్ పట్టడానికి సాయం చేస్తుంది. కడుపులో తిప్పితే రెండు ముద్దలు తిన్నాక వేసుకోండి, అసలు మానేయడం కంటే అదే మేలు.

రాత్రి షిఫ్టుల్లో ఉండే హైటెక్ సిటీ పిల్లలు ఇదే క్రమాన్ని నిద్ర లేచిన టైము నుంచి లెక్కపెట్టుకోవచ్చు. రంజాన్‌లో ఉపవాసం ఉండేవాళ్లు ఇఫ్తార్ అయ్యాక కాల్షియం, పడుకునేముందు ఐరన్, సహర్‌లో మల్టీవిటమిన్ అని మార్చుకుంటే సరిపోతుంది. ఒక్కపొద్దు, ఏకాదశి ఉండేవాళ్లు ఆ రోజు మాత్రలకు కూడా సెలవివ్వొద్దు. అసలు ఉపవాసం ఉండొచ్చా అని ముందుగా డాక్టరును అడగండి, నీళ్లు తగ్గితే మీకు కష్టం.

వారానికి సరిపడా గదులున్న ప్లాస్టిక్ డబ్బా మెడికల్ షాపులో దొరుకుతుంది. ఆదివారం కూర్చుని నింపుకోండి. డబ్బాను దేవుడి దగ్గరో అల్మారాలోనో దాచకుండా కంచాలు పెట్టే చోట, కంటికి కనిపించేలా పెట్టండి. ఆఫీసు బ్యాగులో రెండు రోజుల మాత్రలు విడిగా ఉంచండి. అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్తుంటే మందుల చీటీతో పాటు ఆరు నెలల సరుకు తీసుకెళ్లండి. ప్రయాణాల్లో ఆగిన మాత్ర తిరిగొచ్చాక మొదలవడం అరుదు.

నెలనెలా ఖర్చు బరువనిపిస్తే జన్ ఔషధి షాపుల్లో జనరిక్ కాల్షియం, బికాంప్లెక్స్, ఐరన్ చవగ్గా దొరుకుతాయి. అక్కడా పట్టీ వెనక చదవాల్సిందే.

5. తిండితో సరిపెట్టుకోలేం

"రోజూ మునగాకు, రాగిజావ తీసుకుంటున్నాను, ఇక మాత్రలెందుకు?" అని అడుగుతారు. రెండూ మంచివే, మానొద్దు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. కానీ మీరు ఒక్కసారికి తాగగలిగిన జావలో రాగిపిండి రెండు మూడు పెద్ద చెంచాలే. అంటే మహా అయితే వంద మిల్లీగ్రాములు, అందులోనూ కొంతే పడుతుంది. ఇడ్లీ పిండి పులిస్తే బి12 వస్తుందన్న మాటను నమ్ముకోవద్దు. శాకాహారంలో బి12 దొరికేది పాలు, పెరుగుల్లోనే, అదీ కొద్దిగా.

తిండి విషయంలో నేను గట్టిగా చెప్పేది ప్రొటీన్ గురించే. రోజుకు కనీసం 60 గ్రాములు. ముందు గుడ్డో చేపో పప్పో పనీరో తిని, తర్వాతే అన్నం. పెళ్లి భోజనంలోనూ ఇదే వరస.

6. ఈ లక్షణాలు కనిపిస్తే ఆగొద్దు

మా పెద్దమ్మ కూతురు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటుంది, బైపాస్ అయి చాలా ఏళ్లయింది. ఒకసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు మెట్లు దిగుతూ అక్క ఒక చెప్పు పైమెట్టు మీదే వదిలేసి వచ్చింది. వట్టి కాలితో నడుస్తున్నట్టు తనకు తెలియనే లేదు. నేను చెప్పేదాకా కిందికి చూసుకోలేదు. తర్వాత అడిగితే ఒక్కొక్కటే బయటికొచ్చాయి. అరికాళ్లు దూది మీద నడిచినట్టున్నాయట. వాష్‌బేసిన్ దగ్గర మొహం కడుక్కోవడానికి కళ్లు మూస్తే ముందుకు తూలుతోందట. బి12 ఇంజెక్షన్ మానేసి ఎన్నాళ్లయిందో తనకే గుర్తులేదు. "వయసు కదా అనుకున్నానే" అంది. అప్పటికి తనకు యాభై కూడా లేవు. ఇంజెక్షన్లు మళ్లీ మొదలుపెట్టాక తూలడం తగ్గింది, అరికాళ్ల మొద్దుబారడం మాత్రం పూర్తిగా పోలేదు. నరం ఎక్కువకాలం దెబ్బతింటే మొత్తం తిరిగి రాదు. అందుకే ఆలస్యం చేయొద్దని బతిమాలుతున్నాను.

బి12కి సంబంధించినవి: కాళ్లు చేతుల్లో తిమ్మిర్లు, మంటలు, నడకలో తూలడం, నాలుక ఎర్రబడి మండటం, మతిమరుపు, కారణం లేని దిగులు. ఐరన్ తగ్గితే ఆయాసం, గుండెదడ, గోళ్లు గుంటలు పడటం, జుట్టు రాలడం. ఇంకొకటి, చాలామంది సిగ్గుపడి చెప్పనిది: ఐస్ ముక్కలు, పచ్చి బియ్యం, బలపాలు నమలాలనిపించడం. ఇంట్లో బియ్యం డబ్బా దగ్గర ఎవరైనా పదే పదే నిలబడుతుంటే నవ్వకండి, ఫెరిటిన్ చేయించండి. కాల్షియం, డి తగ్గితే ఒళ్లు నొప్పులు, రాత్రి పిక్కలు పట్టేయడం, చిన్న దెబ్బకే ఎముక విరగడం. విటమిన్ ఎ తగ్గితే చీకట్లో చూపు ఆనదు.

వీటన్నిటికంటే తొందరపడాల్సింది వాంతులతో. థయామిన్ అనే బి1 మన ఒంట్లో రెండు మూడు వారాలకు మించి నిల్వ ఉండదు. ఏ కారణంతోనైనా వాంతులు ఆగకుండా కొన్ని రోజులు సాగితే, ఆపరేషన్ అయి పదేళ్లయినా సరే, అది ఖాళీ అయిపోతుంది. చూపు రెండుగా కనిపించడం, కళ్లు అదరడం, నడక తడబడటం, మాట పొంతన లేకపోవడం మొదలైతే మెదడు దెబ్బతింటోందని అర్థం. ఇది గంటల్లో చూడాల్సిన ఎమర్జెన్సీ.

ఇక్కడ మన అలవాటు ఒకటి ప్రాణం మీదికి తెస్తుంది. నీరసంగా ఉంటే వీధి చివర నర్సింగ్ హోంకి వెళ్లి "ఒక గ్లూకోజ్ బాటిల్ పెట్టండి" అంటాం. థయామిన్ లేని ఒంట్లోకి గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న ఆ కాస్త థయామిన్ కూడా దాన్ని ఖర్చు చేయడానికే పోతుంది, మెదడుకి దెబ్బ తగులుతుంది. అందుకే అక్కడి డ్యూటీ డాక్టరుకు గానీ నర్సుకు గానీ ఈ మాట చెప్పండి (బేరియాట్రిక్ అంటే ఈ బరువు తగ్గే ఆపరేషనే): "నాకు బేరియాట్రిక్ సర్జరీ అయింది, వాంతులవుతున్నాయి, గ్లూకోజ్‌కి ముందు థయామిన్ ఇంజెక్షన్ ఇవ్వండి." మీరు చెప్పలేని స్థితిలో ఉండొచ్చు. ఈ వాక్యాన్ని రాసి ఆ డిశ్చార్జి ఫోటో పక్కనే ఇంట్లోవాళ్ల ఫోన్‌లో పెట్టండి. ఈ వ్యాసంలో ఇంకేమీ గుర్తులేకపోయినా ఇది గుర్తుంచుకోండి.

7. బిడ్డ కోసం చూస్తున్న ఆడవాళ్లకు

ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం వద్దంటారు. ఆ గడువు దాటాక కూడా మాత్రలు, పరీక్షలు సర్దుకున్నాకే ప్రయత్నించండి. ఫోలిక్ యాసిడ్ రోజుకు 800 నుంచి 1000 మైక్రోగ్రాములు ముందు నుంచే వాడాలి. విటమిన్ ఎ రెటినాల్ రూపంలో ఎక్కువైతే బిడ్డకు హాని, బీటా కెరోటిన్ రూపంలో ఉన్న మల్టీవిటమిన్‌కి మారమని ప్రసూతి డాక్టరును అడగండి. షుగర్ పరీక్షకని గ్లూకోజ్ నీళ్లు తాగిస్తారు. బైపాస్ అయినవాళ్లకు అది తాగితే చెమటలు, దడ, కళ్లు తిరగడం రావచ్చు. దానికి బదులు ఒక వారం ఇంట్లోనే గ్లూకోమీటర్‌తో చూసే పద్ధతి ఉంది. అత్తగారికి చెప్పలేదని డాక్టరు దగ్గర కూడా దాచకండి. అవసరమైతే లోపలికి ఒంటరిగా వెళ్లి మాట్లాడండి.

8. ఏళ్ల క్రితమే మానేసినవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈరోజే మెడికల్ షాపుకెళ్లి అన్నీ కొని మింగడం మొదలుపెట్టొద్దు. ఇప్పుడు ఎంత ఉందో తెలియాలి కాబట్టి ముందు రక్తం ఇవ్వండి. రిపోర్టులు పట్టుకుని ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికే వెళ్లండి. "ఇన్నేళ్లు రాలేదేం?" అని కోప్పడతారని టెన్షన్ పడకండి, మళ్లీ వచ్చినందుకు సంతోషించే డాక్టర్లే ఎక్కువ. ఆయన దొరక్కపోతే ఇంకో బేరియాట్రిక్ టీమ్ గానీ ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు గానీ చూస్తారు. ప్రైవేటు కుదరకపోతే నిమ్స్, ఉస్మానియా, గాంధీలో మెడిసిన్ ఓపీకి పొద్దున్నే డిశ్చార్జి కాగితం పట్టుకుని వెళ్లండి.

లోపం బయటపడితే రోజువారీ మాత్రతో అది పూడదు. బి12కి ఇంజెక్షన్ల కోర్సు, డికి వారం వారం పెద్ద మోతాదు, మాత్రలకు లొంగని ఐరన్‌కి సెలైన్‌లో ఎక్కించే ఐరన్ రాస్తారు. మూడు నెలలకు అవే పరీక్షలు మళ్లీ చేయించి, అంకెలు పైకి వచ్చాక రోజువారీ మోతాదుకు మారుస్తారు. ఆ మూడో నెల తేదీని ల్యాబు నుంచి బయటికి వచ్చేలోపే ఫోన్‌లో పెట్టేసుకోండి, శాంపిల్‌కి మనిషి ఇంటికే రావాలంటే ఆ బుకింగ్ కూడా అప్పుడే చేసేయండి.